మురుగునీటిలోని భాస్వరము



క్రీస్తుశకము 1669వ సంవత్సరమున జర్మనీదేశపు హాంబర్గు నగరమునందు హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది, బంగారము చేయవలెనను ఆశతో, విస్తారముగా మనుష్యమూత్రమును సేకరించి, దానిని మరిగించి, ఇగిర్చి, మిగిలిన ముద్దను కొలిమిలో తీవ్రమైన వేడికి లోనుచేయగా, బంగారమునకు మారుగా, చీకటిలో తనంతట తానే వెలుగు చిమ్ము తెల్లని పదార్థమొకటి అతని పాత్రలోనికి దిగివచ్చినది. అదియే భాస్వరము. మానవుడు మొట్టమొదట కన్నులార చూచిన భాస్వరము ఏ గనినుండియు వచ్చినది కాదు. మన శరీరము విసర్జించిన నీటినుండియే వచ్చినది. మూడున్నర శతాబ్దములు గడచిన పిమ్మట నేడు పలుదేశముల శాస్త్రజ్ఞులు మరల ఆ నీటివైపే దృష్టి మరల్చి, నగరముల మురుగులో కొట్టుకొనిపోవుచున్న భాస్వరమును పట్టి తెచ్చి పొలమునకు అప్పగించు మార్గములను వెదకుచున్నారు. అట్లు వెదకుట యేల అవసరమైనదో, ఆ పనిలో అధిశోషకములను పదార్థములు ఎట్లు తోడ్పడుచున్నవో, వాని యోగ్యతను మనము ఏ కొలతతో కొలువవలయునో ఈ ప్రసంగమున విన్నవింప దలచితిని.

భాస్వరము లేని జీవము లేదు. వయసువచ్చిన మనుష్యుని దేహమున సుమారు 700 గ్రాముల భాస్వరము ఉండును. అందు నూటికి 85 పాళ్లు ఎముకలయందును దంతములయందును సున్నముతో కలిసి దృఢత్వము నొసగును. మిగిలిన కొలదిభాగము చేయు పని ఇంతకంటెను గొప్పది. తల్లిదండ్రుల లక్షణములను బిడ్డలకు అందించు డి.ఎన్.ఏ. అణువునకు వెన్నెముక భాస్వరమే. తిన్న అన్నము శక్తిగా మారి కండరమును కదలించుటకు నడిమి వాహకమైన ఏ.టి.పి. అను పదార్థమునకు ప్రాణము భాస్వరమే. పైరునకును ఇదే నియమము. వేరు బలిసి, పిలకలు తొడిగి, గింజ నిండవలెనన్న నేలలో భాస్వరము ఉండి తీరవలయును. నత్రజనికి వలె దీనికి ఆకాశమున నిధి లేదు. గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చు కర్మాగారములను మానవుడు నిర్మించుకొనెనే గాని, భాస్వరమును గాలినుండి దించు విద్య యేదియు లేదు, ఉండబోదు. దానికి బదులుగా పనిచేయు మరియొక మూలకమును లేదు. రాతినుండి త్రవ్వి తీయవలయును, లేదా వాడినదానినే మరల తెచ్చుకొనవలయును. మూడవ దారి లేదు.

పూర్వము ఈ రెండవ దారియే లోకమంతట నడచినది. పశువుల పేడ, పెంటపోగులోని ఎరువు, చెరువు అడుగున పూడిన ఒండ్రుమన్ను బండ్లమీద పొలమునకు చేరి, పంట తీసికొన్న భాస్వరములో అధికభాగమును తిరిగి నేలకు ముట్టజెప్పుచుండెను. 1842లో ఇంగ్లండునందు జాన్ బెన్నెట్ లాస్ గంధకికామ్లముతో భాస్వరపు పదార్థములను కరిగించి సూపర్‌ఫాస్ఫేటు చేయు విధానమునకు ప్రత్యేకాధికారమును పొందెను. పిదప పెరూదేశపు దీవులలోని పక్షిరెట్టల గుట్టలు, వెనువెంటనే ఫాస్ఫేటు రాతిగనులు ఈ క్రొత్త వ్యాపారమునకు ఆధారములైనవి. పసిఫిక్ సముద్రములోని నౌరూ అను చిన్నదీవిని ఇరువదవ శతాబ్దమంతయు ఈ రాతికొరకే త్రవ్వగా, దాని నడిభాగము నేడు సున్నపురాతి మొనలు పైకి పొడుచుకొనివచ్చిన బీడుగా మిగిలియున్నది. ప్రపంచమున తెలియవచ్చిన ఫాస్ఫేటు నిలువలలో మూడింట రెండువంతులు మొరాకో, పశ్చిమ సహారా ప్రాంతములయందే యున్నవి. మనకు రాజస్థానమునందు ఉదయపూరు సమీపమున ఝామర్‌కోట్ర గని యున్నను, దేశావసరములో అధికభాగమునకు ఓడలమీదనే ఆధారపడియున్నాము. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో ఎరువుల కర్మాగారములు వెలయుటకు కారణము ఇదియే. రాయి గాని, భాస్వరికామ్లము గాని సముద్రము దాటి వచ్చి, అచ్చట మూటలకెక్కి, కృష్ణా గోదావరుల డెల్టాలకును, తెలంగాణపు మెట్టచేలకును పోవుచున్నది.

ఇంత దూరమునుండి, ఇంత వ్యయముతో వచ్చిన భాస్వరము చివరకు పోవునది ఎచ్చటికి? పైరులో కొంత, నేలలో కొంత చిక్కుపడగా, ధాన్యమునందును, పప్పునందును, పాలయందును చేరినది పట్టణమునకు వచ్చి, మన శరీరములగుండా నడచి, దాదాపు సంపూర్ణముగా మురుగుకాలువలో పడుచున్నది. ఎదుగుదల ఆగిన మనుష్యుడు ఎంత భాస్వరమును తినునో ఇంచుమించు అంతయు విసర్జించును. పట్టణపు మురుగునీటిలో లీటరునకు 5 మొదలు 10 మిల్లిగ్రాముల భాస్వరము ఉండుట సాధారణము. తక్కువలో తక్కువగా 5 మిల్లిగ్రాములనియే లెక్కింతము. లక్షమంది కాపురమున్న పట్టణము దినమునకు కోటి లీటర్ల మురుగును వెడలించినచో, అందు 50 కిలోల భాస్వరము కలదు. రైతు కొను డి.ఏ.పి. అను ఎరువు బస్తా బరువు 50 కిలోలు. అందలి భాస్వరము సుమారు 10 కిలోలు. అనగా అట్టి పట్టణమొకటి దినదినమును అయిదు డి.ఏ.పి. బస్తాల భాస్వరమును కాలువలో పారబోయుచున్నదన్నమాట. ఏడాదికి అవి పదునెనిమిదివందల బస్తాలకు మించును. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణముల లెక్క ఎంతకు పోవునో శ్రోతలే ఊహించుకొనగలరు.

వ్యర్థమైపోవుట యొక్కటియే యైన నష్టముతో సరిపెట్టుకొనవచ్చును. కాని పొలమున అమృతమైన ఈ వస్తువే చెరువున విషమగుచున్నది. నిలువనీటిలో నాచు పెరుగుదలకు సాధారణముగా కొరతపడునది భాస్వరమే. ఆ కొరత తీరినంతనే నాచు ఉప్పెనగా పెరిగి, చచ్చి, క్రుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించి, చేపలను చంపును. దీనిని సందేహమునకు తావులేకుండ నిరూపించినది కెనడాదేశపు ఆంటేరియో రాష్ట్రమున డేవిడ్ షిండ్లర్ అను శాస్త్రజ్ఞుడు జరిపిన పరీక్ష. 1973లో ఆయన 226వ సంఖ్యగల సరస్సును నడుమ తెరకట్టి రెండుభాగములు చేయించి, ఒక భాగమున కర్బనమును నత్రజనిని, మరియొక భాగమున ఆ రెంటితోపాటు భాస్వరమును కలిపించెను. భాస్వరము పడిన భాగము ఆ వేసవి ముగియునప్పటికి పచ్చని నాచుతో కప్పువడినది. రెండవభాగము మునుపటివలెనే నిర్మలముగా నిలిచినది. సరస్సునకు కీడు తెచ్చుటకు లీటరునకు 1 మిల్లిగ్రాములో నూరవవంతుల కొలతనున్న భాస్వరమే చాలును. 1562లో నిర్మింపబడి, ఒకనాడు హైదరాబాదు నగరమునకు త్రాగునీరిచ్చిన హుస్సేన్ సాగరము పచ్చబడి, దుర్గంధభూయిష్ఠమై పలువత్సరములు పడిన యాతనకును, మన ఊరి చెరువులు గుర్రపుడెక్కతో నిండిపోవుటకును ముఖ్యకారణములలో ఒకటి ఈ భాస్వరమే.

అమెరికాదేశపు సియాటిల్ నగరమున వాషింగ్టన్ సరస్సు ఇట్లే పాడుకాగా, పౌరులు మేల్కొని, 1963 మొదలు 1968 వరకు గొట్టములు వేసి మురుగునంతయు సరస్సునకు తప్పించిరి. సరస్సు ఆశ్చర్యకరముగా తేరుకొన్నది. లోకమున ఇది గొప్ప విజయముగా పేరొందినది, అందులకు తగినదే. అయినను ఆ గొట్టముల రెండవకొన ప్యూజెట్ సౌండ్ అను సముద్రపాయలో తేలినది. భాస్వరము చోటుమారినదే గాని పొలమునకు తిరిగి రాలేదు. నేను ఈనాడు నొక్కి చెప్పదలచిన విషయమునకు మూలము ఇచ్చటనే యున్నది. నీటినుండి భాస్వరమును తొలగించుట వేరు, దానిని మరల సంపాదించుట వేరు. మొదటిది చెరువును రక్షించును. రెండవది చెరువును, చేనును కూడ రక్షించును.

మూసీనది దిగువను హైదరాబాదు మురుగునీటితో వరియు, పారాగడ్డియు పండించు రైతులు కత్వలు కట్టి, కాలువలు త్రిప్పి, దశాబ్దములుగా ఈ రెండవపనిని తమకు తెలిసిన రీతిని చేయుచునే యున్నారు. ఆ నీటిలో ఎరువున్నదని వారికి ఎవరును పాఠము చెప్పలేదు. కాని శుద్ధిచేయని మురుగులో ఎరువుతోపాటు రోగక్రిములును, కర్మాగారములనుండి వచ్చు లోహములును, లవణములును కలిసియున్నవి. ఆ నీటిలో దిగి పనిచేయువారి చర్మమునకు, ఉదరమునకు అది క్షేమము కాదు. పైగా ఎరువు అక్కరలేని కాలమునను నీరు పారుచునే యుండును. కావున మేలును కీడునుండి వేరుచేసి, భాస్వరమును మాత్రమే ఏరి, కూడబెట్టి, కావలసిన కాలమున కావలసిన చేనికి అందించు సాధనము కావలయును.

అందులకు ఇదివరకే కొన్ని ఉపాయములు వాడుకలో నున్నవి. వరదకాలమున నదినీటి బురదను అణచుటకు మన ఇండ్లలో వాడు పటిక మురుగులోని భాస్వరమును కూడ పట్టి అడుగునకు దించును. ఇనుపలవణములును అట్లే చేయును. కాని అట్లు దిగిన బురదలో భాస్వరము అల్యూమినియముతో, ఇనుముతో గట్టిగా పెనవేసికొనిపోవుటచే పైరువేరునకు తేలికగా అందదు. రెండవ ఉపాయము సూక్ష్మజీవులది. వీని ప్రభావమును తొలుత గుర్తించి ప్రకటించినవారు మనదేశీయులే యని చెప్పుటకు గర్వింపవలసియున్నది. 1959లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో శ్రీనాథ్, శాస్త్రి, పిళ్లై అను మువ్వురు శాస్త్రజ్ఞులు, గాలి ఆడించిన మురుగులోని జీవరాశి తన అవసరమునకు మించి భాస్వరమును శీఘ్రముగా పీల్చుకొనుటను కనుగొనిరి. ఆ తరువాత లోకమున వెలసిన జీవశుద్ధి పద్ధతులకు ఆ పరిశీలన తొలిమెట్టు. మూడవది, మెగ్నీషియము కలిపి స్ట్రువైటు అను స్ఫటికములుగా భాస్వరమును రాబట్టుట. ఇది చక్కని ఎరువే; కాని భాస్వరము చిక్కగానున్న నీటిలోనే ఈ పద్ధతి రాణించును. శుద్ధికేంద్రము కడపటి ఘట్టమున, లీటరునకు ఒకటి రెండు మిల్లిగ్రాములుగా పలుచబడిన భాస్వరమును చివరిబొట్టువరకు పట్టవలెనన్న అధిశోషకమే తగిన సాధనము.

అధిశోషణమనగా ఏమి? నీటిలో కరిగియున్న వస్తువు ఘనపదార్థము లోనికి చొరక, గడపకు అలదిన పసుపువలె దాని ఉపరితలమును అంటిపెట్టుకొని నిలుచుట. పనియంతయు ఉపరితలమున జరుగుటచే, ఉపరితలము ఎంత విశాలమైన అంత మేలు. సన్నని రంధ్రములతో నిండిన ఇనుప హైడ్రాక్సైడు పలుకులను గ్రాము తూచి, అందలి రంధ్రముల గోడలన్నియు పరచినచో, అవి 200 చదరపుమీటర్లకు మించి విస్తరించును. అయినను ఆ గోడలమీద చోట్లు లెక్కకు లోబడినవే. అన్ని చోట్లును నిండిన పిమ్మట పదార్థము మరి పట్టజాలదు. ఉపరితలములనుగూర్చిన పరిశోధనలకు 1932లో నోబెల్ బహుమానము నందిన ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఈ సత్యమును గణితసూత్రముగా కూర్చి యిచ్చెను. నేటికిని ఏ అధిశోషకము ఎంత పట్టునో చెప్పుటకు ఆ సూత్రమునే ప్రధానముగా ఆశ్రయించుచున్నారు.

ఇనుప ఆక్సైడు భాస్వరమును ఎట్లు ఆకర్షించుచున్నదో కొంచెము వివరింతును. మురుగునీటిలో భాస్వరము ఋణవిద్యుత్తు గల ఫాస్ఫేటు రూపమున సంచరించును. ఇనుప ఆక్సైడు ఉపరితలమున నీటిసంబంధమైన హైడ్రాక్సిల్ గుంపులు ఉండును. నీరు కొంచెము ఆమ్లముగానో, తటస్థముగానో యున్నంతకాలము ఫాస్ఫేటు వచ్చి, ఆ హైడ్రాక్సిలును తొలగద్రోసి, ఆ స్థానమున తానే ఇనుముతో నేరుగా బంధము కల్పించుకొనును. ఉప్పులోని క్లోరైడు, నీటిలోని సల్ఫేటు ఇంత సన్నిహితబంధమునకు సమర్థములు కావు. దూరమునుండియే అంటియుండి, ఫాస్ఫేటు రాగానే చోటు ఖాళీ చేయును. వేలకొలది ఇతర అణువుల నడుమ స్వల్పముగానున్న ఫాస్ఫేటును ఈ పదార్థము ఏరి పట్టగలుగుటకు రహస్యమిది. సిలికేటు, ఆర్సెనేటు, క్రుళ్లిన ఆకుఅలములనుండి వచ్చు సేంద్రియామ్లములు మాత్రము బలమైన ప్రత్యర్థులు. ఇవి అధికముగానున్న నీటిలో అధిశోషకపు సామర్థ్యము తగ్గిపోవును. ప్రయోగశాలలో శుద్ధజలమున ఫాస్ఫేటు కలిపి సాధించిన అంకెలు నిజమైన మురుగులో నిలువకపోవుటకు ముఖ్యకారణము ఇదియే.

పై ప్రక్రియను విలోమము చేయుటకు వీలున్నది. నీటిని క్షారముగా మార్చి, అనగా సోడియము హైడ్రాక్సైడు ద్రావణమును ఆ పలుకులగుండా పంపి, హైడ్రాక్సిలును సమృద్ధిగా సమకూర్చినచో, అది తన పూర్వస్థానమును తిరిగి ఆక్రమించుకొని ఫాస్ఫేటును వెలికి నెట్టును. అట్లు వెలువడిన చిక్కని ద్రావణములో సున్నము కలిపిన, కాల్షియము ఫాస్ఫేటు తెల్లని మడ్డిగా అడుగుకు దిగును. సోడియము హైడ్రాక్సైడు తిరిగి ఏర్పడి మరియొక ఆవృత్తికి పనికివచ్చును. వేలలీటర్ల పలుచని నీటిలో చెదరియున్న భాస్వరము కొలది లీటర్లలోనికి వచ్చి, అటుపిమ్మట పిడికిట పట్టదగిన ఎరువగుట ఈ విధానము చేయు మేలు. బెంగాలుసీమకు చెందిన అరూప్ సేన్‌గుప్త అను ఆచార్యుడు అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయమున ఈ తత్త్వమును చక్కగా సాధించిరి. ఇనుప ఆక్సైడు అతిసూక్ష్మకణములు ఒంటిగా నుండిన నీటిలో కొట్టుకొనిపోవును, లేదా గొట్టములను పూడ్చివేయును. ఆయన ఆ కణములను ధనవిద్యుత్తు గల గట్టి రెసిన్ పూసల కడుపులో నిలిపిరి. పూస ఫాస్ఫేటును లోపలికి ఆహ్వానించును. లోపలి ఇనుము దానిని పట్టును. క్షారము తాకగానే విడుచును. ఈ కుటుంబమునకు చెందిన పూసలే పశ్చిమ బెంగాలు గ్రామములలో త్రాగునీటినుండి ఆర్సెనికును తొలగించుటకు ఉపయోగపడినవి.

ఇప్పుడు అధిశోషకములను ఏ కొలతతో కొలువవలయును అను ప్రశ్నకు వత్తును. ఈ విషయమున వెలువడు వ్యాసములలో అధికభాగము, గ్రాము పదార్థము ఎన్ని మిల్లిగ్రాముల భాస్వరమును పట్టినదను అంకెతోనే తృప్తిపడుచున్నవి. పట్టుట సగముపని మాత్రమే. ఆస్ట్రేలియాలోని జాతీయ పరిశోధనసంస్థ వారు 1990ల దశకమున లాంథనము అను అరుదైన లోహమును బెంటొనైటు బంకమన్నులో చేర్చి ఒక పదార్థమును రూపొందించిరి. లాంథనమునకును ఫాస్ఫేటునకును గల బంధము అత్యంత దృఢము. రోగగ్రస్తమైన సరస్సున దీనిని చల్లినచో భాస్వరము శాశ్వతముగా అడుగునకు బంధింపబడి నాచు అణగును. ఆ ప్రయోజనమునకు ఇది గొప్ప ఔషధమే. కాని అట్లు బంధింపబడిన భాస్వరమును తిరిగి విడిపించుట మిక్కిలి కష్టము; పైరువేరు దానిని పీల్చజాలదు. పట్టుటలో ప్రథమశ్రేణికి చెందిన వస్తువు తిరిగి యిచ్చుటలో కడపట నిలిచినది.

తిరిగి యిచ్చుటకు క్షారమే కావలెనను నియమము లేదు. పదార్థమునే పొలమున చల్లి, నేలయు వేరును ఆ పని చేయునట్లు విడుచుట మరియొక మార్గము. ఇందులకు రెండు ఉదాహరణములు చెప్పుదును. న్యూజీలాండులోని వైయూకూ అను చిన్నపట్టణమున, సమీపమునందలి ఉక్కుకర్మాగారపు చిట్టెమును రాసులుగా పోసి, దానిగుండా మురుగునీటిని వడగట్టు ఏర్పాటు 1993లో ఆరంభమైనది. మొదటి అయిదేండ్లు అది నూటికి సుమారు 77 పాళ్ల భాస్వరమును తొలగించి, పిదప హఠాత్తుగా నీరసించినది. విద్యుత్తు అంతగా అక్కరలేని, చిన్నఊళ్లకు అనువైన పద్ధతియని అది నిరూపించినది. అయితే అప్పటికి టన్ను చిట్టెము పట్టిన భాస్వరము ఒకటింబావు కిలో మాత్రమే; డి.ఏ.పి. బస్తాలోని భాస్వరమునకు సమానము కావలెనన్న ఎనిమిది టన్నుల చిట్టెమును పొలమునకు మోయవలయును. విశాఖ ఉక్కుకర్మాగారమున చిట్టెము ఎంత విస్తారముగా దొరకినను, బండిబాడుగ లెక్కలో ఈ అంకెను మరువరాదు. చెరువును కాపాడుటకు చిట్టెము చాలును. ఎరువుగా దూరము పంపుటకు చాలదు.

రెండవ ఉదాహరణము ఫ్లోరిడా విశ్వవిద్యాలయమువారిది. సామాన్యమైన బొగ్గు ఉపరితలము ఋణవిద్యుత్తు గలదగుటచే ఫాస్ఫేటును వెడలగొట్టునే గాని దరిజేరనీయదు. వారు టమాటా మొక్కలను మెగ్నీషియము సమృద్ధిగా ఇచ్చి పెంచి, ఆ మొక్కల ఆకులను గాలి తగులనీయక కాల్చి బొగ్గు చేసిరి. మెగ్నీషియము బొగ్గునందంతట సూక్ష్మరేణువులుగా వ్యాపించి, ఫాస్ఫేటును చక్కగా పట్టినది. 2013లో వారు ప్రకటించిన ఫలితముల ప్రకారము, భాస్వరముతో నిండిన ఆ బొగ్గును వేసినచోట గడ్డివిత్తులు మరింత బాగుగా మొలకెత్తి పెరిగినవి. పట్టిన భాస్వరమును అది మెల్లమెల్లగా విడుచుచుండెను. మదనపల్లె సీమ టమాటాకును, గోదావరి మండలములు వరిఊకకును ప్రసిద్ధములు. పొలమున వ్యర్థముగా మిగులు వస్తువులను మెగ్నీషియముతో, సున్నముతో సంస్కరించి, బొగ్గుచేసి, ఊరి శుద్ధికేంద్రమున భాస్వరమును నింపి, తిరిగి ఆ పొలమునకే పంపు ఏర్పాటు మన విశ్వవిద్యాలయముల వ్యవసాయ, రసాయనశాఖలు కలిసి పూనుకొనదగిన పని.

తొందరపాటు మాత్రము పనికిరాదు. కర్మాగారపు వ్యర్థములతో చేసిన అధిశోషకములలో ఇతర లోహములు ఉండవచ్చును. అల్యూమినియము కర్మాగారముల ఎర్రబురద ఫాస్ఫేటును పట్టగలిగినను, దాని తీవ్రక్షారమును, అందలి లోహములను పరీక్షింపక పైరుమీద చల్లుట అపాయకరము. కావున ఎవరైనను క్రొత్త అధిశోషకమును తెచ్చి చూపినప్పుడు మనము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. నిజమైన మురుగునీటిలో అది ఎంత పట్టినది? పట్టినదానిలో ఎన్నవవంతు తిరిగి యిచ్చినది? ఎన్ని ఆవృత్తుల తరువాతను దాని సత్తువ నిలిచియున్నది? వెలికివచ్చిన ఎరువులో కాడ్మియము, సీసము వంటివి ఎంత? చివరగా, దానితో పండించిన మొక్క, అంగడి ఎరువుతో పండించిన మొక్కకు దీటుగా పెరిగినదా? ఈ ప్రశ్నలకు కుండీలోను, మడిలోను సమాధానము చెప్పిన పదార్థమే యోగ్యమైనది. తక్కినవన్నియు, ఎంత గొప్ప అంకెలు చూపినను, భాస్వరమునకు క్రొత్త చెరసాలలే.

ఈ విషయమున కొన్ని రాజ్యములు మాటలు దాటి శాసనములవరకు వచ్చినవి. ఐరోపా సమాఖ్య 2014లో ఫాస్ఫేటు రాతిని కొరతభయముగల ముఖ్యవస్తువుల పట్టికలో చేర్చినది. జర్మనీప్రభుత్వము 2017లో చేసిన నిబంధనను అనుసరించి, లక్షమందికి మించిన జనమునకు సేవచేయు మురుగుశుద్ధి కేంద్రములు 2029 మొదలుకొని భాస్వరమును తిరిగి రాబట్టి తీరవలయును. సంపన్నదేశములే ఇంత ముందుచూపు వహింపగా, ఎరువుకై ఓడలవైపు ఎదురుచూచు మనము, ఎరువు సరసమైన ధరకు అందుటకై ప్రతిసంవత్సరమును అపారధనమును వెచ్చించు మనము, ఉపేక్ష వహించుట తగదు.

మన పట్టణములలో మురుగుశుద్ధి కేంద్రములు ఏటేట పెరుగుచున్నవి. వాని నమూనాలు గీయునపుడే భాస్వరమును రాబట్టు భాగమునకు చోటు విడుచుట ఇంజనీర్ల ధర్మము; కట్టిన పిదప చోటు వెదకుట వ్యయకారణము. ముందుగా ఒక మోస్తరు పట్టణమును ఎన్నుకొని, దాని శుద్ధికేంద్రము కొనను అధిశోషకపు గదిని నిలిపి, వెలువడిన ఎరువును సమీపగ్రామపు రైతులచేతికిచ్చి, వారి మాటను లెక్కలోనికి తీసికొని, అటుపిమ్మట విస్తరించుట వివేకము. మూత్రశాలల నీటిని వేరుగా సేకరింపగల వసతిగృహములు, పాఠశాలలు ఇందులకు మిక్కిలి అనుకూలములు. ఏలయనగా మురుగు పరిమాణమున మూత్రము నూటికి ఇంచుమించు ఒకపాలే యైనను, అందలి భాస్వరమున దాదాపు సగము మూత్రమునుండియే వచ్చుచున్నది.

పురపాలక సంఘసభ్యులకు, విశ్వవిద్యాలయముల పరిశోధకులకు, రైతుసంఘముల పెద్దలకు నా మనవి యొక్కటే. మురుగునీటిని నదికి హానిచేయనంతవరకు కడిగితిమని సంతృప్తి చెందకుడు. చేను ఇచ్చినదానిని చేనికి తిరిగి యిచ్చినప్పుడే శుద్ధి సంపూర్ణమగును. మీ ఊరి శుద్ధికేంద్రమున దినమునకు ఎంత భాస్వరము ప్రవేశించుచున్నదో, ఎంత వెలుపలికి పోవుచున్నదో కొలిపించుడు. ఆ లెక్కను ప్రజలకు ప్రకటింపుడు. పోగొట్టుకొనుచున్నది ఎంతయో తెలిసిననాడు, దానిని తిరిగి తెచ్చుకొను ఉపాయములకు మన జనము వెనుదీయరు.